మామయ్య రాసుకున్న బావులు

పెళ్ళిచూపుల్లో మామయ్య నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "మీ ఊళ్ళో తాగే నీళ్ళు ఎక్కడివమ్మా?"

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. కాలువ నీళ్ళేనని చెప్పాను. "కాలువ రాకముందు?" అన్నారు. అప్పటికి నేను పుట్టనే లేదు కాబట్టి నాన్న అందుకున్నారు. ఊరి బావి ఎంత లోతు, అడుగున రాయి ఏ రంగు, ఎండాకాలంలో నీళ్ళ రుచి మారేదా అంటూ ఇద్దరూ పెళ్ళి సంగతి పక్కన పెట్టి ఆ బావిలోనే ఉండిపోయారు. "పిల్లకు కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, ఇక లోపలికి పంపండి" అని చివరికి అత్తయ్యే నన్ను విడిపించారు. 1993 నాటి మాట ఇది. ఆ ప్రశ్న మామయ్య ఒక్కరిదే కాదని పెళ్ళయ్యాక తెలిసింది. వాళ్ళ వైపు పల్లెల్లో సంబంధం అనుకోగానే ముందు ఆరా తీసేది నీళ్ళ గురించే. ఫలానా ఊరికి పిల్లనిస్తే ఆ నీళ్ళు తాగి నలభై ఏళ్ళకే నడుము వంగిపోతుందని భయం. కట్నం మాట ఆ తర్వాతే వచ్చేది.

మామయ్య 1938లో మునుగోడు వైపు ఒక చిన్న పల్లెలో పుట్టారు. తొలి చదువు ఉర్దూలో. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసేనాటికి ఆయనకు పదేళ్ళు. తర్వాత నల్లగొండలో హైస్కూలు, ఉస్మానియాలో రసాయనశాస్త్రం ఎమ్మెస్సీ, ఆపైన హైదరాబాదులోనే ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉద్యోగం. 1998లో పదవీ విరమణ చేసేదాకా ఆయన పని నీళ్ళను, ముఖ్యంగా వాటిలో ఫ్లోరైడ్ ఎంతుందో, పరీక్షించడమే. శాస్త్రవేత్త అనగానే గుర్తొచ్చే తెల్లకోటులో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నేను చూసింది భుజానికి ఒక ఖాకీ సంచి, అందులో ప్లాస్టిక్ సీసాలు, ఒక రిజిస్టరు. గాజు సీసాలెందుకు వాడరని అడిగితే, "ఫ్లోరైడ్ గాజును కొరుకుతుందమ్మా, లెక్క మారిపోతుంది" అన్నారు. బోరింగు దగ్గర సీసా పట్టడానికి ముందు కాసేపు నీళ్ళు కొట్టించి వదిలేసేవారు. గొట్టంలో నిలవ ఉన్న నీళ్ళు భూమిలో ఉన్నవాటి సంగతి చెప్పవట. తర్వాత సీసాను అవే నీళ్ళతో తొలిచి, నింపి, మూత బిగించి, ఊరి పేరు, తేదీ రాసేవారు. ఇంట్లో పచ్చడి జాడీల మీద కూడా అలాగే రాసేవారని అత్తయ్య ఫిర్యాదు.

ఆయన పళ్ళకు గార ఉండేది. ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. నవ్వు వచ్చినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం పోయేది. "చిన్నప్పుడు, పళ్ళు లోపల తయారవుతున్న వయసులో తాగిన నీళ్ళు ఇలా రాసి పెట్టి పోతాయి. పెద్దయ్యాక కాశీకి పోయి గంగ తాగినా చెరగవు" అనేవారు. పళ్ళతో ఆగితే అదృష్టమే. ఆ నీళ్ళే ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మెడ తిరగదు, నడుము లేవదు. "మా ఊళ్ళో పెద్దవాళ్ళు చుక్కలు చూడాలంటే వెల్లకిలా పడుకోవాలి" అని ఒకసారి మామూలుగా అన్నారు. అది విన్న రోజు నేను రాత్రి సరిగా అన్నం తినలేదు.

కారణం పాపమూ కాదు, వాతమూ కాదు, కాళ్ళ కింది రాయి. అక్కడి గులాబీ రంగు గ్రానైటులో, అందులోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వానలు తక్కువ. భూమిలో నీళ్ళు ఆ రాతిని అంటిపెట్టుకుని ఏళ్ళ తరబడి ఉంటాయి. వాటిలో క్షారం ఎక్కువ, సున్నం తక్కువ. సున్నం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి అడుగుకు దించేది. అది లేక ఫ్లోరైడ్ నీళ్ళలోనే కరిగి ఉండిపోతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మామయ్య ఊరి బోరింగులో దానికి నాలుగు రెట్లు ఉండేది. సాగర్ ఆనకట్ట కట్టింది మా జిల్లాలోనే. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. అవి పల్లానికి పోయి మా ఊరి పొలాలను తడిపాయి. మునుగోడు మెరక మీద ఉండిపోయింది. ఒకే జిల్లాలో నేను నీళ్ళు పారబోస్తూ పెరిగాను, మా ఆయన పినతండ్రి అవే నీళ్ళు లేక వంగిపోయారు.

తను కనిపెట్టింది ఏమీ లేదని మామయ్య ప్రతివాళ్ళకూ చెప్పేవారు. ఈ జబ్బును మన దేశంలో 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే డాక్టరు బృందం గుర్తించిందని, పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే లక్షణాన్ని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో వివరించారని, పేర్లు, సంవత్సరాలు తడుముకోకుండా చెప్పేవారు. ఎవరి పని వాళ్ళ పేరుతో చెప్పాలన్న పట్టింపు అది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్ లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పడింది కదా. బకెట్టు నీళ్ళలో పటిక, కొంచెం సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి, పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి, పైనీళ్ళు తీసుకోవడం. "టాంజానియా, ఇథియోపియా వాళ్ళకు కూడా నల్లగొండ తెలుసు. ఊరుగా కాదు, బకెట్టుగా" అనేవారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆయన్ని మార్చిన సంగతి ఒకటుంది. నేను ఆ ఇంటికి రాకముందు, 1980ల మధ్యలో జరిగింది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరింగులకు ఎర్ర రంగు వేసే పని అప్పుడు సాగుతోంది. ఒక ఊళ్ళో మామయ్య నిలబడి రంగు వేయిస్తుంటే బిందెతో వచ్చిన ఒక ముసలమ్మ కాసేపు చూసి, "వద్దని రంగు వేసి పోతున్నావు సారూ, మరి ఏది తాగమంటావు?" అన్నదట. మామయ్య దగ్గర జవాబు లేదు. ఆమె కాసేపు ఎదురుచూసి, అదే బోరింగులో బిందె నింపుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి రిజిస్టర్లలో ఒక వరస పెరిగింది. ఊరు, బావి, తేదీ, ఫ్లోరైడ్ ఎంత అన్నవాటి పక్కన 'మరి ఏది?' అని. ఆ ఊళ్ళో ఉన్న అన్నింటిలో తక్కువ చెడ్డ నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో వెతికి ఆ గడి నింపనిదే ఆయన ఊరు దాటేవారు కాదు. ఆఫీసు అడిగిన పని కాదది. చెరువు కట్ట కింది పాత చేదబావి, గుడి వెనక దిగుడుబావి, వాన నీళ్ళతో ఊరే తక్కువ లోతు బావులు చాలాసార్లు బోరింగు కన్నా నయంగా తేలేవి. లోతుకు పోయేకొద్దీ మంచి నీళ్ళు పడతాయన్న నమ్మకం ఆ నేల మీద తలకిందులైంది. నీళ్ళు మరిగించి తాగుతున్నాం, మాకేం కాదనేవాళ్ళకు, "మరిగితే ఆవిరయ్యేది నీళ్ళమ్మా, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది, ఇంకా చిక్కబడుతుంది" అని ఓపిగ్గా చెప్పేవారు. అలా చెప్పి ఊరుకోకుండా మళ్ళీ ఆ గడి దగ్గరికే వచ్చేవారు.

ఆ వరస రిజిస్టరు దాటి ఇంట్లోకి కూడా వచ్చింది. ఎవరినైనా వద్దనాల్సి వస్తే ఆయన వెంటనే అనేవారు కాదు. మా రెండో ఆడపడుచు ఇంటర్ లెక్కల్లో కిందామీదా పడుతూ ఇంజనీరింగే చదువుతానని పట్టుబట్టిందట. ఆయన వారంపాటు మౌనంగా ఉండి, రాజేంద్రనగర్ వెళ్ళి వ్యవసాయ కళాశాల చుట్టూ తిరిగి, కాగితాలు పట్టుకొచ్చి, అప్పుడు చెప్పారట వద్దని. ఇప్పుడామె ఆముదం పంట గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆపేవాళ్ళు లేరు.

నా వంతు 1999లో వచ్చింది. చండూరు దగ్గర ఒక ప్రభుత్వ బడిలో టీచరుగా నాకు బదిలీ అయింది. పెద్దవాడికి ఆరు నెలలు. జీతం లేని సెలవు పెట్టేస్తానన్నాను. "వద్దు" అన్నారు. అనే ముందే ఏర్పాటు అయిపోయింది. అప్పటికి పదవీ విరమణ చేసి, నల్లగొండలో ఇల్లు కట్టుకుని వచ్చేశారు. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, పిల్లాడి వెంట పరుగెత్తలేరు. "పిల్లాణ్ణి నేను చూస్తాను, నువ్వు బస్సు చూసుకో" అన్నారు. అరవై ఏళ్ళ మగమనిషి చంటిపిల్లాడి గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేస్తుంటే వీధిలో వాళ్ళు ఆగి చూసేవారు. ఆయనకు పట్టేది కాదు. పాలసీసాలను ప్రయోగశాల సామాను తొలిచినట్టు తొలిచేవారు. సాయంత్రం నేను రాగానే ఒక నోటుపుస్తకం చేతికిచ్చేవారు. '10.20, పాలు 90 మి.లీ. 11.05, కక్కాడు, సుమారు 15 మి.లీ. 2.30, నవ్వాడు, కారణం తెలియదు.' ఆ నోటుపుస్తకం నా బీరువాలో ఉంది. మా వాడు పెళ్ళికి పిల్లను చూసుకునే వయసుకొచ్చాడు, అయినా దాన్ని వాడికి ఇచ్చే ఉద్దేశం నాకు లేదు.

నా బడిలో సగం మంది పిల్లల పళ్ళకు గార ఉండేది. ఒకరోజు మామయ్యను పిలిచాను. పిల్లలందరినీ ఇంటి నుంచి సీసాలో నీళ్ళు తెమ్మన్నారు. సీసాల మీద పేర్లు వద్దు, అంకెలు చాలన్నారు. ఎవరింటి నీళ్ళు చెడ్డవో తరగతిలో అందరి ముందూ తేలకూడదని. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రటి మందు చుక్కలు ఒక్కో గొట్టంలో వేస్తూ పోయారు. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంతగా విరిగి పసుపులోకి దిగుతుంది. "ఎర్రగా ఉంటే మంచి నీళ్ళా సార్? మరి చెడ్డ బోరింగుకు ఎర్ర రంగు వేస్తారు కదా?" అని ఒక అమ్మాయి అడిగితే ఆయన తెగ సంబరపడ్డారు. ఆ వెనకే ఒక పిల్లాడు లేచి, "సార్, మీ పళ్ళకు కూడా గార ఉంది కదా" అన్నాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది. మామయ్య నోటి మీది చెయ్యి తీసేసి, వాడి దగ్గరికి వెళ్ళి, వంగి, పెదవులు వెనక్కి లాగి పళ్ళన్నీ చూపించారు. "ఇదిగో, ఇది మా ఊరి బావి. మీదే ఊరు?" అన్నారు. వరసగా పిల్లలంతా తమ పళ్ళు చూపించుకున్నారు. ఆ తరగతి గదిలో అంత అల్లరి నేను మళ్ళీ వినలేదు.

చిన్నమామయ్య విషయంలో మాత్రం 'మరి ఏది?' గడి నింపడానికి ఆయన చాలా పాట్లు పడ్డారు. తమ్ముడు ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటూ ఉండిపోయారు. నలభై ఏళ్ళకే నడుము వంగింది. హైదరాబాదు వచ్చెయ్యమంటే, "పొలం ఎత్తుకొస్తావా?" అన్నారట. నలభై లీటర్ల బకెట్టు, పటిక, సున్నం ఇంటికి చేర్చి మరదలికి నేర్పి వచ్చారు. ఆమె కొన్ని నెలలు శ్రద్ధగా చేసి మానేసింది. కోడళ్ళం మేము ఆమెను తప్పుపడుతుంటే మామయ్యకు కోపం వచ్చింది. "రోజూ కలపాలి, తిప్పాలి, తేరేదాకా కాయాలి, అడుగున మిగిలిన బురద దూరంగా పారబోయాలి. పొలం పని చేసి వచ్చిన ఆడమనిషి నెత్తిన ఇంత పెట్టి, సులభమైన పద్ధతి అని మేం కాగితాల మీద రాసుకున్నాం" అన్నారు. సొంత శాస్త్రం మీద అంత నిర్మొహమాటంగా మాట్లాడినవాళ్ళను నేను తక్కువ చూశాను. ఆ తర్వాత తమ్ముడి ఇంటి కప్పు మీద పడే వాన నీళ్ళు పట్టడానికి తొట్టి కట్టించారు. అది నడిచింది. కానీ వంగిన నడుము లేవలేదు. చిన్నమామయ్య 2009లో పోయారు.

అత్తయ్యది జడ్చర్ల వైపు. పల్లీలు, జొన్నరొట్టె, పచ్చిపులుసు లేనిదే ఆమెకు భోజనం కాదు. చింతపండు తింటే కీళ్ళ నొప్పులని ఎవరో చెబితే ఆమె బెంగపడ్డారు. మామయ్య ఒక పరిశోధన వ్యాసం తెచ్చి చదివి వినిపించారు. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2002లో వేసింది. బడి పిల్లలకు రోజుకు పది గ్రాముల చింతపండు పెడితే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని అందులో తేలింది. ఇక ఆ ఇంట్లో పచ్చిపులుసుకు ఎదురులేదు. వ్యాసం ఎక్కడ దాచుకున్నారో గానీ, ఎవరైనా పులుపు తగ్గించమంటే అత్తయ్య దాన్ని బయటికి తీసేవారు. రోజూ రాత్రి ఆమె మోకాళ్ళకు ఆముదం వెచ్చచేసి రాసేది మామయ్యే. వేడి ఎంతో థర్మామీటరుతో చూసి మరీ. "వేలు పెట్టి చూస్తే తెలియదా?" అని ఆమె, "నా వేలికి తెలిసేది నీ మోకాలికి పనికిరాదు" అని ఆయన.

పిల్లలను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్ళేవారు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద రోజంతా నిలిచే స్తంభం నీడ ఎలా వస్తుందో చెప్పమని పిల్లలు వెంటపడితే చెప్పేవారు కాదు. వెలుతురు లోపలికి ఎటునుంచి వస్తోందో చూసి రమ్మని బయటికి తరిమేవారు. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి, సెలైన్ సీసాలతో మందు ఎక్కిస్తున్నారని పేపర్లో చూసి, ఎనభై ఏళ్ళ వయసులో వెళ్ళి చూడాల్సిందేనని పట్టుబట్టారు. అత్తయ్య చిన్నప్పుడు బంధువులతో వెళ్ళి ఆడుకున్న చెట్టది. అక్కడ ఆయన కొమ్మకు వేలాడుతున్న సీసాల కింద నిలబడి, మందు ఎంత నీళ్ళకు ఎంత కలుపుతున్నారో అక్కడి మనిషిని అడుగుతుంటే, ఆమె పరామర్శకు వచ్చినట్టు ఒక ఊడను పట్టుకుని నిలబడ్డారు.

2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ నిలిపారు. కొన్నాళ్ళకు మామయ్య ఊళ్ళో కూడా ఇంటింటికీ నల్లా వచ్చింది. నీళ్ళు వదిలారని కబురు రాగానే సీసా పట్టుకుని బయలుదేరారు. నేనూ వెంట వెళ్ళాను. తమ్ముడి ఇంటి ముందు నల్లా తిప్పి, కాసేపు వదిలేసి, సీసా తొలిచి, నింపి, పరీక్ష చేశారు. ఎరుపు చెక్కుచెదరలేదు. మరదలు గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగారు. ఏమంటారో అని అందరం చూస్తున్నాం. "క్లోరిన్ కొంచెం ఎక్కువైంది" అన్నారు. రిజిస్టరు తీసి, ఆ ఊరి పేజీలో 'మరి ఏది?' అన్నచోట 'నల్లా' అని రాశారు.

2022లో, నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆయన రిజిస్టర్లను మా పెద్దవాడు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. చాలా బావులు ఇప్పుడు పూడిపోయాయి, కొన్నిటి మీద ఇళ్ళు లేచాయి. అయినా ఒకే నేల గురించి ఇన్నేళ్ళ అంకెలు ఒక్కచోట ఉండటం మామూలు విషయం కాదంటాడు. పనంతా బాగానే సాగింది గానీ ప్రతి రిజిస్టరు చివరి పేజీల్లో ఉర్దూలో రాసిన లెక్కలు ఎవరికీ అర్థం కాలేదు. బయటపెట్టకూడని పరీక్షల ఫలితాలేమోనని మావాడు గట్టిగా నమ్మాడు. లతీఫ్ సాహెబ్ గుట్ట దగ్గర ఉండే ఒక రిటైర్డ్ ఉర్దూ మాస్టారిని ఇంటికి పిలిచాం. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. 'తమ్ముడికి, 50. తమ్ముడి కూతురి పుస్తకాలు, 18. తొట్టికి సిమెంటు. మరదలికి కంటి అద్దాలు.' పేజీ తర్వాత పేజీ అదే వరస. అత్తయ్యకు ఉర్దూ రాదు, అందుకని ఆ లిపి.

"నాకు తెలియదనుకున్నారా? ఆయనకు ఉర్దూ వస్తే నాకు ఆయన ముఖం చదవడం వచ్చు" అన్నారు అత్తయ్య, చేతిలోని వత్తులు చేయడం ఆపకుండా.

మాస్టారు ఇంకో పుస్తకం తెరిచారు. '1974 దసరా. నారాయణపేట చీర, 45 రూపాయలు. ఆకుపచ్చ.' అక్కడ ఆగి, ఆకుపచ్చ అన్న మాట కొట్టేసి పక్కన నీలం అని రాశారని చెప్పారు.

అత్తయ్య వత్తులు పక్కన పెట్టారు. "నేను తెమ్మన్నది నీలం. తెచ్చింది పచ్చ. ఆ పుస్తకంలో తప్పు రాశారు."

"నానమ్మా, తాతయ్య లెక్క తప్పదు" అన్నాడు మావాడు.

"పెట్టెలో అడుగున ఉంది, పోయి తీసుకురా."

తెచ్చాడు. మడతలు విప్పి కిటికీ దగ్గర పట్టుకుంటే నీలంగా ఉంది. గదిలోకి తిప్పితే పచ్చగా ఉంది. నిలువు పోగు ఒక రంగు, అడ్డపోగు ఇంకో రంగు. మాస్టారు నీలం అన్నారు. మా ఆయన పచ్చ అన్నారు. మావాడు ఫోనులో ఫొటో తీసి మేనత్తలకు పంపాడు. వాళ్ళు చెరొక మాట అన్నారు. "పచ్చే" అన్నారు అత్తయ్య, చీర లాక్కుని మడతపెడుతూ.